లడ్డూ వేలం మాకు తెలుసు, కోనా వేలం లెక్క చెప్పండి

ఐరన్‌మ్యాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వాహకులకు, ఐరన్‌మ్యాన్ ఫౌండేషన్ బాధ్యులకు,

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో ఉందని కంగారు పడకండి. ఫ్లోరిడాలో మీ టాంపా ఆఫీసులో ఎవరో ఒకరు చదివిపెడతారు. తెలుగువాళ్లు లేని ఆఫీసు అమెరికాలో ఉందంటే నేను నమ్మను. పైగా ఇది మీ ఒక్కరికే రాస్తున్నది కాదు. తెల్లారకముందే లేచి గచ్చిబౌలిలో ఈతకీ, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ దారికీ పరుగెత్తే మావాళ్లు కూడా చదవాలని రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. ఈత, సైకిలు, పరుగు కలిపి హవాయిలోని కోనాలో మీరు పెట్టే పందెంలో దిగే చోట్లను, అంటే కోనా స్లాట్లను, దానధర్మాల కోసం వేలం వేసే పద్ధతి మీద నాకు పేచీ లేదు. వేలంలో పోయిన స్లాటు ఎవరి వాటాలోంచి తీశారు అన్నదాని మీదే ఉంది.

వేలంపాట అంటే మాకేం కొత్త కాదు. హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం రోజు పొద్దున్నే బాలాపూర్‌లో లడ్డూ వేలం జరుగుతుంది. టీవీలన్నీ లైవ్ ఇస్తాయి. 1994లో మొదటి పాట 450 రూపాయల దగ్గర ఆగింది. 2025లో 35 లక్షల దగ్గర ఆగింది. అదే ఏడాది బండ్లగూడ జాగీర్‌లో ఒక విల్లాల కాలనీ లడ్డూ 2 కోట్ల 30 లక్షలు దాటింది. బాలాపూర్ పాట డబ్బు ఊరి పనులకు వెళుతుంది, కాలనీ పాట డబ్బు సేవా కార్యక్రమాలకు. పాడినవాడికి పేరు, ఊరికి పని. ఇన్నేళ్లలో ఈ వేలం అన్యాయమని బాలాపూర్‌లో ఎవరూ ధర్నా చేసినట్టు నేను వినలేదు. ఎందుకంటే వేలం వేసేది స్వామి చేతిలోని ఒక్క లడ్డూనే. మంటపం ముందు వరసలో నిలబడ్డ పిల్లాడి దొన్నెలో పులిహోర ఎవరూ తీసి వేలం వేయరు. వాడి ప్రసాదం వాడికి అందుతుంది.

కోనాలో వేలం వేస్తున్నది స్వామి చేతిలో లడ్డూనా, పిల్లాడి దొన్నెలో పులిహోరా? నేను అడుగుతున్నది అదే.

పక్కనుంచి తొంగిచూసి చదివే మావాళ్ల కోసం కాస్త కథ. కోనా తీరంలోని కైలువా ఊళ్లో సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత. తర్వాత లావా గడ్డకట్టిన బీళ్ల మధ్య హావీ అనే ఊరి దాకా వెళ్లి వచ్చే 180 కిలోమీటర్ల సైకిలు, అడ్డంగా కొట్టే గాలి. ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. మొత్తం 17 గంటల్లో అయిపోవాలి. ఇదంతా 1978లో ఓవాహు దీవిలో ఒక వాదనతో మొదలైంది. ఈతగాడు గట్టివాడా, పరుగువాడా, సైకిలువాడా అని కబుర్లు నడుస్తుంటే, జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి మూడూ కలిపి పందెం పెట్టాడు. 15 మంది దిగారు, 12 మంది ముగించారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కి 11 గంటల 46 నిమిషాలు పట్టింది. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్‌కి దారిలో నీళ్లు అయిపోతే, వెంట ఉన్నవాళ్లు బీరు ఇచ్చారట. అప్పుడు స్లాట్ల గొడవే లేదు, పదిహేను మంది దొరకడమే గొప్ప. 1981లో పందెం హవాయి పెద్ద దీవికి మారింది. ఇప్పుడు అక్కడ నిలబడాలంటే, లోకమంతా మీరు నడిపే రేసుల్లో ఏదో ఒకదాంట్లో, మన వయసువాళ్లలో ముందు వరసలో ఉండాలి.

కైలువా రేవుగట్టు చిన్నది, ఉన్న హైవే ఒక్కటే. 2022లో రెండు రోజుల పాటు రేసు పెడితే ఊరు ఇబ్బంది పడింది. 2023 నుంచి ఆడవాళ్లనీ మగవాళ్లనీ విడదీసి, ఒక వర్గాన్ని కోనాకీ ఇంకో వర్గాన్ని ఫ్రాన్సులోని నీస్‌కీ పంపారు. 2026లో మళ్లీ అందరూ ఒకే రోజు, ఒకే ఊళ్లో అని ప్రకటించారు. సంతోషం. కానీ రెండు పంక్తుల భోజనాలకు సరిపడా జనం ఒకే పంక్తిలో కూర్చోవాలన్నమాట. ఇలాంటప్పుడు ఒక్కో విస్తరీ ఎటు పోయిందో లెక్క ఉండాలి.

ఇక లాటరీ సంగతి. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం ఉక్రోషంగానే ఉంటుంది. 1983 నుంచీ మీ దగ్గర లాటరీ ఉండేది. చివరి రోజుల్లో 40 డాలర్లు కట్టి పేరు ఇస్తే వంద మందికి చోటు దొరికేది. పందెం ముగించడానికి 15 గంటలు పట్టే నాలాంటి మనుషులకు, అంటే స్లాటు కొట్టే వేగం ఏ జన్మలోనూ రాని వాళ్లకు, ఉన్న ఆశ అదొక్కటే. 2015 మేలో ఫ్లోరిడాలోని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు అది అక్రమ లాటరీ అన్నారు. డబ్బు కట్టించుకుంటున్నారు, అదృష్టం మీద తేలుస్తున్నారు, బహుమతి ఇస్తున్నారు, ఈ మూడూ కలిస్తే అక్కడి చట్టం ఒప్పుకోదు. మీ సంస్థ 27,61,910 డాలర్లు ప్రభుత్వానికి అప్పగించింది. లాటరీ మూతపడింది.

వేలానికి ఆ చిక్కు లేదు. వేలంలో అదృష్టానికి చోటు లేదు కదా! ఎవరి జేబు లోతైతే వాళ్లది. ఆన్‌లైన్ వేలం సైటు ఈబేలో మీ ఫౌండేషన్ పేరున స్లాట్లు పెడితే పాట పదుల వేల డాలర్ల దాకా వెళ్లింది. అంటే చట్టం దృష్టిలో 40 డాలర్లు పెట్టి ఆశపడటం నేరం, ఒక ఇంటి ధర పెట్టి కొనుక్కోవడం దానం. తప్పు మీదని అనడం లేదు, చట్టం అలా ఉంది. కానీ చట్టం మూయించింది డబ్బు కట్టించుకునే లాటరీని మాత్రమే. రుసుము లేకుండా చీటీ తీయడాన్ని ఎవరూ వద్దనలేదు. లండన్ మారథాన్ వాళ్లను చూడండి. 2026 రేసు బ్యాలట్‌లో, అంటే చీటీల్లో, 11 లక్షల మందికి పైగా పేర్లు ఇచ్చారు. పేరు ఇవ్వడానికి డబ్బు కట్టి తీరాలన్న నియమం లేదు, చోటు దొరికితేనే ఫీజు. కాలిఫోర్నియాలో వెస్టర్న్ స్టేట్స్ అని వంద మైళ్ల పరుగు ఉంది. అడవి దారి కాబట్టి 369 మందికే చోటు. అక్కడ దొరకని ప్రతి ఏడాదీ మీ చీటీలు రెట్టింపు అవుతాయి. మొదటిసారి ఒకటి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది. ఓపిక పట్టినవాడికి ఎక్కువ చీటీలు. మీరు ఆ దారి ఎందుకు పట్టలేదో నాకు అర్థం కాదు.

మీకు లెగసీ అని ఒకటి ఉంది, తెలుసు. ఫుల్ డిస్టెన్స్ ఐరన్‌మ్యాన్‌లు 12 ముగిస్తే కోనాకు పిలిచే పద్ధతి. వినడానికి ఓపికకు ఇచ్చే బహుమానంలాగే ఉంటుంది. కానీ మా దేశంలో మీ రేసంటే గోవాలో జరిగే సగం దూరం రేసే. ఫుల్ చేయాలంటే ప్రతిసారీ పాస్‌పోర్టు తీయాలి, వీసా, విమానం టికెట్టు, సైకిలు పెట్టెకు అదనపు రుసుము, హోటలు. ఇది పన్నెండుసార్లు! అదీ వేలమే, కాకపోతే పాట పన్నెండు వాయిదాల్లో కట్టించుకుంటారు.

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. నేనేం బీదవాణ్ణి కాదు. నా సైకిలు ధర మా ఆవిడకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఈ ఆటలో గడియారం కూడా డబ్బు చూసే తిరుగుతుంది. మంచి చక్రాలు, కోచ్, వారానికి పదిహేను గంటలు ఖాళీ దొరికే ఉద్యోగం, ఇవన్నీ ఉన్నవాడే స్లాటు కొడతాడు. కాబట్టి గడియారం దారిన వచ్చినవాళ్లు పుణ్యాత్ములు, వేలం దారిన వచ్చినవాళ్లు పాపాత్ములు అని నేను అనలేను. వేలంలో కొన్నవాడైనా ఆ నీళ్లలో దిగాల్సిందే. ఈత 2 గంటల 20 నిమిషాల్లో అవ్వకపోతే అక్కడికక్కడే ఆపేస్తారు. డబ్బు అతన్ని గట్టు దాకా తెస్తుందేగానీ అవతలి గట్టుకు చేర్చదు.

గడియారం ఒక్కటే గేటుగా ఉండాలని కూడా నేను అనను. 1989లో డిక్ హోయ్ట్ తన కొడుకు రిక్‌ని చిన్న పడవలో కూర్చోబెట్టి తాడుతో లాగుతూ ఈదాడు, సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తొక్కాడు, చక్రాల కుర్చీలో తోస్తూ పరుగెత్తాడు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొడుకుతో కలిసి కోనా ముగించాడు. ఆ తండ్రీకొడుకుల చోటు ఏ లెక్కలోదని అడిగేవాడు మనిషే కాడు. వాళ్లనెందుకు పిలిచారో చూసినవాడికల్లా తెలిసిపోతుంది.

ఒకరోజు మా అమ్మతో ఈ వేలం సంగతి చెప్పాను. అమ్మకు కోనా తెలియదు, తిరుమల తెలుసు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వెళ్లే మనిషి. అక్కడా ఎన్నో దారులు. మెట్లెక్కి వచ్చినవాళ్లది ఒకటి, 300 రూపాయల టికెట్టువాళ్లది ఒకటి, శ్రీవాణి ట్రస్టుకు 10,000 ఇచ్చినవాళ్లది ఒకటి. 2022లో పిల్లల ఆసుపత్రి కోసం ఉదయాస్తమాన సేవ టికెట్లు కోటి రూపాయలకు పెట్టారు, శుక్రవారమైతే కోటిన్నర. అమ్మ ఇవన్నీ వినే ఉంది. "ఇచ్చేవాడు ఇస్తాడు, పిల్లలకు ఆసుపత్రి వస్తుంది. వాడు ముందు చూసినంత మాత్రాన స్వామి తరిగిపోతాడా?" అంది.

నిజమే. స్వామి తరగడు. నా వంతు రెండు గంటలు ఆలస్యమవుతుంది, అంతే. కాళ్లు పీకినా దర్శనం మాత్రం అవుతుంది. కోనాలో అలా కాదు. అక్కడ చోటు తరుగుతుంది. ఒకరు లోపలికి వస్తే ఒకరు బయట ఉంటారు, ఆలస్యంగానైనా లోపలికి రారు.

బయట ఉండిపోయిన మనిషి ఒకరు మా గుంపులో ఉన్నారు. అక్క అని పిలుస్తాం. బ్యాంకులో పని, యాభై దాటాయి. ఒక విదేశీ రేసులో ఆమె తన వయసువాళ్లలో మూడోది వచ్చింది. ఆ వర్గానికి ఉన్నది ఒకే స్లాటు. మొదట వచ్చినావిడకు అప్పటికే వేరే రేసులో స్లాటు ఉంది, వద్దంది. రోల్‌డౌన్, అంటే వదిలేసిన స్లాటును తర్వాతివాళ్లకు ఇవ్వడం, మొదలైంది. మీకు తెలిసిందే, హాల్లో ఉన్నవాళ్లకే ఇస్తారు, అక్కడికక్కడే కార్డు గీకాలి. రెండోదాని పేరు పిలిచారు. పలకలేదు. మళ్లీ పిలిచారు. మా వేలంపాటలో ఒకటోసారి, రెండోసారి అంటారే, సరిగ్గా అలాగే. అక్క చేతిలో కార్డు పట్టుకుని లేచి నిలబడింది. నా గుండె ఆమె కంటే గట్టిగా కొట్టుకుంది. మూడోసారి పిలుస్తుండగా ఆ రెండో ఆవిడ తలుపు దగ్గర్నుంచి చేతులూపుతూ, నిన్నటి రేసుతో బిగుసుకుపోయిన కాళ్లతో కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

నేను తిట్టబోతే అక్క ఆపింది. "పోన్లేరా, ఆవిడ పరిగెత్తే వచ్చింది కదా."

తర్వాతెప్పుడో ఈబే వేలం సంగతి నేనే చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ డబ్బు ఎవరికి వెళుతుందని అడిగింది. ఆ దీవిలోని స్థానిక సంస్థలకు, రేసు రోజున ఎండలో నీళ్లు అందించే వలంటీర్ల ఊళ్లకు ఫౌండేషన్ సాయం చేస్తుందని చెప్పాను. "మంచిదే" అంది. కాసేపాగి, "నా ముందు ఎవరు వెళ్లారో, ఏ దారిన వెళ్లారో నాకు తెలియాలి కదరా. ఆవిడెవరో నాకు తెలుసు, కళ్లారా చూశాను" అంది.

ఈ ఉత్తరం నిజానికి ఆ మాట నుంచే పుట్టింది.

దానం సంగతికి వస్తే, మీరు ఎంచుకున్న పద్ధతి మీద కూడా ఒక అనుమానం. 2025లో లండన్ మారథాన్ ఒక్కరోజు పరుగు మీద 8 కోట్ల 73 లక్షల పౌండ్లు పోగయ్యాయి. అది ధనవంతుల పాట కాదు. ఒక్కో పరుగువాడు ఆఫీసులో, చర్చిలో, మసీదులో, బంధువుల వాట్సాప్ గుంపుల్లో అడిగి అడిగి తెచ్చినది. మా తెలుగువాళ్లకైతే వంద రూపాయలు చందా అడగడం కంటే వంద కిలోమీటర్లు తొక్కడం సులువు. అడిగిన ప్రతిచోటా ఆ జబ్బు గురించో, ఆ ఆసుపత్రి గురించో నాలుగు ముక్కలు చెప్పాలి. బోస్టన్ మారథాన్‌లో 1989లో లివర్ ఫౌండేషన్‌తో మొదలైన చారిటీ బిబ్‌ల పద్ధతీ, అంటే చందాలు పోగుచేసినవాళ్లకు పరుగు నంబరు ఇవ్వడం, ఇదే. వేలంలో ఇదేం ఉండదు, ఒక్క బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌తో అయిపోతుంది. మీతోనే చేయి కలిపిన యూటీఎంబీ (ఆల్ప్స్ కొండల పరుగు) వాళ్లు సాలిడారిటీ బిబ్‌కు 2000 యూరోల దానం అని పెట్టారు. తక్కువేం కాదు, కానీ దానికో గీత ఉంది. మూడేళ్లు కూడబెడితే ఒక స్కూలు టీచరు కూడా అందుకోవచ్చు. పాటకు పైకప్పు ఉండదు. టీచరు ఎంత కూడబెట్టినా ఇంకెవరో ఇంకో వెయ్యి పెంచుతారు.

బోస్టన్ వాళ్లను పొగిడానని అక్కడ అంతా సవ్యమని కాదు. 2025 రేసుకు అర్హత టైము సాధించి కూడా చోటు దొరకనివాళ్లు 12,324 మంది. ఆ టైము కంటే 6 నిమిషాల 51 సెకన్లు ముందున్నవాళ్లకే తలుపు తెరిచారు. కానీ చూశారా, ఆ అంకె నాకెలా తెలిసింది? వాళ్లే చెప్పారు. ఎంతమంది అడిగారు, ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందిని వెనక్కి పంపారు అని. ఆ అంకె చూసి ఏడ్చినవాళ్లు ఉంటారు, ఎవరో మోసం చేశారని అనుకున్నవాళ్లు తక్కువ ఉంటారు.

వేలం కనీసం నలుగురి ముందు జరుగుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది చప్పుడు లేని తలుపులు. కంపెనీల పెద్దల కోసం ఎగ్జిక్యూటివ్ ఛాలెంజ్ అని నడిపారు, వాళ్లలో వాళ్లకే పోటీ పెట్టి కోనా స్లాట్లు ఇచ్చారు. స్పాన్సర్ల అతిథులు, ప్రముఖులు వేరు. వీటి పక్కన పెట్టి చూస్తే ఈబే పాటే నిజాయితీగా కనబడుతుంది. పాడినంత కనిపిస్తుంది, ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. అందుకే వేలం ఆపేయమని నేను అడగను. ఆపేస్తే ఆ డబ్బున్న మనిషి ఇంటికి వెళ్లిపోడు, చప్పుడు లేని తలుపు దగ్గరికి వెళతాడు. అప్పుడు ఆ దీవికి వచ్చే నాలుగు డాలర్లూ రావు.

నేను అడుగుతున్నవి పెద్దవేం కాదు. మొదటిది, ఒక పట్టిక. రేసు ముగిసిన నెలలోపు, ఎంతమంది మొదలుపెట్టారు, వాళ్లలో అర్హత దారిన ఎందరు, లెగసీ దారిన ఎందరు, వేలంలో ఎందరు, చారిటీ, స్పాన్సర్, అతిథి దారుల్లో ఎందరు అని ఒక్క పేజీ. పేర్లు వద్దు, అంకెలు చాలు. వేలం స్లాట్లు మొత్తం చోట్ల మీద అదనమో, అర్హత రేసుల వాటాలోంచి కోసినవో అందులోనే రాయండి. కోసినవైతే ఏ వయసు వర్గం నుంచి కోశారో కూడా రాయండి. ఎందుకంటే అది 30 ఏళ్ల మగవాళ్ల బోలెడు స్లాట్లలో ఒకటా, యాభై దాటిన ఆడవాళ్ల ఒకే ఒక్క స్లాటా అన్నది చిన్న తేడా కాదు.

ఇక వేలం వేసిన ప్రతి స్లాటుకూ ఒక స్లాటు ఉచితంగా చీటీ తీసి ఇవ్వండి. పేరు ఇవ్వడానికి పైసా తీసుకోవద్దు, అప్పుడు 2015 చిక్కు మీ జోలికి రాదనే నా నమ్మకం. మీ లాయర్లను అడగండి, నేను లాయర్ని కాదు. ఒకటి రెండు ఫుల్ డిస్టెన్స్ రేసులు ముగించినవాళ్లే పేరు ఇవ్వాలని నియమం పెట్టుకోండి, న్యాయమే. చీటీ వచ్చినవాళ్ల ఎంట్రీ ఫీజు వేలం డబ్బులోంచే పోవాలి. కోనా ఎంట్రీ వెయ్యి డాలర్ల పైమాటే. పాటలో వచ్చిన దాంట్లో అది ఒక మూల. మిగతాదంతా దీవికే.

వేలంలో గెలిచినవాళ్లకు ఒక మనవి, మీ ద్వారా. దాచుకోకండి. బాలాపూర్‌లో లడ్డూ పాడినవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని, డప్పులతో ఊరంతా తిరుగుతాడు. ఎంత పెట్టావని అడిగితే గర్వంగా చెబుతాడు. మీరూ చెప్పండి. నేను ఇంత పెట్టి వచ్చాను, ఆ డబ్బుతో ఇది జరిగింది అని. పందెం ముగిసే అలీ డ్రైవ్ వీధి మీద చివరి మలుపులో ఎవరో ఒకరు మీకూ చప్పట్లు కొడతారు. నేనైతే కొడతాను.

మా అక్క ఈ ఏడాదితో కొత్త ఏజ్ గ్రూపులోకి వెళుతోంది. ఆ గుంపులో తనే చిన్నదట, ఆ మాట రోజుకు రెండుసార్లు చెబుతోంది. వచ్చే రేసుకు పేరు ఇచ్చేసింది, నేనూ ఇచ్చాను, ఎప్పటిలాగే చివరి వరసలో. మీ పట్టిక ఆలోపు వస్తే ఇద్దరం విమానంలో కూర్చుని చదువుకుంటాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి
మీ 15 గంటల 20 నిమిషాల ఫినిషర్